మిద్దె గదిలో ఆకాశాలు గీసే ఆమె

మా కూతురు నన్ను మొట్టమొదట తప్పుపట్టింది ఆకాశం విషయంలో.

నేను వేలూరులో ఇంట్లోనే రవికలు కుడతాను. ఆ రోజు మిషను ముందు కూర్చుని, "ఆకాశం రంగు దారం ఉండ తీసుకురామ్మే" అన్నాను. అప్పుడది ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచీ దారాల డబ్బా దాని చేతిలోనే ఉండేది. ఏ రంగు అడిగినా చూడకుండానే తీసిచ్చేది. ఆ రోజు మాత్రం డబ్బా దగ్గర నిలబడి వెనక్కి తిరిగింది.

"ఏ ఆకాశంమా? పొద్దుటిదా, మధ్యాన్నందా? నెత్తిమీద ఉండేదా, కొండల దగ్గర ఉండేదా?"

"నీలం దారం తేవే అంటే ఇన్ని ప్రశ్నలా?"

"కొండల దగ్గర నీలం ఉండదుమా. తెల్లగా, కొంజెం పసుపు కలిసినట్ల ఉంటాది. నువ్వు సరిగా చూడలేదు."

ఏదో ఒక ఉండ నా ఒళ్లో పడేసి మిద్దె మెట్లెక్కి పోయింది. గొంతు నా కూతురిదే. మాటలు మాత్రం మిద్దె మీది ఆమెవి.

మా మిద్దె మీద ఒక గది ఉంది. వేలూరు పెద్దాస్పత్రి చుట్టుపక్కల వీధుల్లో చాలా ఇళ్లకి అలాంటి గది ఒకటి ఉంటుంది. బెంగాల్ నుంచి, అస్సాం నుంచి, జార్ఖండ్ నుంచి వైద్యానికి వచ్చేవాళ్లు వారాలో నెలలో ఉండి పోతారు. మా వీధిలో కూరగాయల బండివాడు కూడా బెంగాలీలో ధరలు చెబుతాడు. వచ్చినవాళ్లందరినీ మనసుకి పట్టించుకుంటే బతకలేమని నేను మొదటి నుంచీ హద్దు పెట్టుకున్నాను. నీళ్లు వస్తున్నాయా, గ్యాసు ఉందా, అంతవరకే.

ఆమె కోల్‌కతా దగ్గరి ఏదో ఊరి నుంచి తల్లిని తీసుకుని వచ్చింది. నాకంటే కొంచెం చిన్నది, పెళ్లి చేసుకోలేదు. తల్లికి కడుపులో గడ్డ. పరీక్షలు, మందులు, మళ్లీ పరీక్షలు, ఆ తర్వాతే ఆపరేషన్ అన్నారట. ఆమె పని పిల్లల కార్టూన్ సినిమాలకి వెనక బొమ్మలు వేయడం. ముందు పరుగెత్తే నక్కనీ కుందేలునీ ఇంకెవరో వేస్తారు. వాటి వెనక కనిపించే ఆకాశం, మబ్బులు, చుక్కలు ఈమె వంతు. పలకంత తెర, దాని మీద గీసే పెన్ను, అదే ఆమె సామానంతా. ఆస్పత్రిలో టోకెన్ నంబరు పిలిచేదాకా కూర్చునే బల్ల మీద కూడా మబ్బులు వేస్తూ ఉండేదట.

ఆమెకి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. ఆమె హిందీ, నా వచ్చీరాని హిందీ, ఆస్పత్రిలో ఆమె ఏరుకున్న నాలుగు అరవం ముక్కలు, మధ్యలో మా పిల్ల ఇంగ్లీషు. ఇలా గడిచేది. ఇక్కడ ఆమె మాటలన్నీ నేనే తెలుగు చేసి రాస్తున్నాను. మా పిల్లకి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు, బళ్లో అరవమే చదివింది. నేను గుడియాత్తంలో మా కాలపు తెలుగు బడిలో చదువుకున్నాను. అది చదవలేదన్న ధైర్యంతోనే ఇదంతా దాచుకోకుండా రాస్తున్నాను.

"మోటారు వేసినామని పైన చెప్పిరా" అని దాన్ని మొదటిసారి మిద్దె మీదికి పంపింది నేనే. ట్యాంకు నిండి నీళ్లు కారిపోతున్నా అది దిగిరాలేదు. దిగివచ్చాక కళ్లు మెరుస్తున్నాయి.

"అమ్మా, ఆమె గాజు మీద మబ్బు చేసినాది! ఉత్త వేలితో ఇట్ల అంచు రుద్దితే కరిగిపోతాది!"

నేను బాగుందన్నాను. అప్పుడు నిజంగానే బాగుందనిపించింది.

ఆ తర్వాత బడి నుంచి రాగానే సంచీ పడేసి మిద్దె మీదికే. నా మిషను పక్కన అది కూర్చునే పీట ఖాళీగా ఉండేది. అంతకు ముందు అక్కడే హెమ్మింగు చేస్తూ బళ్లో జరిగిందంతా నాకు చెప్పేది. ఇప్పుడవన్నీ ముందు పైన చెప్పి, మిగిలింది కింద చెబుతోందని నాకు అర్థమైంది.

"ఆమెని ఏమని పిలుస్తాండావు?" అని ఒకరోజు అడిగాను.

"మాషీ అని."

"అంటే?"

"వాళ్ల భాషలో అమ్మ చెల్లెలుమా. చిన్నమ్మ."

నాకు చెల్లెళ్లు లేరు. నా బిడ్డకి ఇన్నాళ్లకి ఒక చిన్నమ్మ దొరికింది, అదీ నన్ను ఒక్క మాట అడగకుండా.

చేపల సంగతి ఇంకా ఘోరం. మా ఇంట్లో చేపలు వండితే ముక్కు మూసుకుని బయట అరుగు మీద కూర్చునే పిల్ల అది. ఒక ఆదివారం పైనుంచి దిగివస్తే చెయ్యి వాసన వేసింది.

"చేపలు తింటివా?"

"ఆవాలు నూరి పెట్టినాదిమా. మాషీ ముల్లు తీసి పెట్టినాది."

"నేనూ తీసి పెడతానని ఎన్నిసార్లు చెప్పలేదు?"

"నువ్వు తీసి పెట్టేటప్పుడు తిడతావు" అని నవ్వేసి చెయ్యి కడుక్కోవడానికి పోయింది.

మా ఆయనకి చెప్పుకుంటే తేలిగ్గా తీసిపారేశాడు. ఆయన బస్టాండు దగ్గర మందుల షాపులో పని చేస్తాడు. "ఫీజు లేకుండా నేర్పిస్తాండారు, దానికి పోయి ముఖం మాడ్చుకుంటావేందే" అన్నాడు. ఫీజు తీసుకుని నేర్పిస్తే నాకింత బాధ ఉండేది కాదని ఆయనకి ఎలా చెప్పాలో తెలియలేదు.

బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్లినప్పుడల్లా వాళ్ల మాటలు వినిపించేవి. తలుపు తీసే ఉంటుంది. తల్లి మంచం మీద పడుకుని ఉంటుంది, వీళ్లిద్దరూ కింద చాప మీద భుజాలు ఆనించుకుని తెర మీదికి వంగి ఉంటారు.

"మబ్బు అనగానే తెలుపు తీసుకోకు" అని చెబుతోంది ఆమె. "తెలుపుని చివరిదాకా దాచిపెట్టుకో. ఎండ తగిలే అంచు గట్టిగా, కోసినట్టు ఉండాలి. మిగతా అంచులు గాలిలో కలిసిపోవాలి. మబ్బు కింద నీడకి నలుపు వద్దు, నీలమూ ఊదా కలుపు."

ఇంకో రోజు చుక్కల పాఠం. "ఇలా సమానంగా పెట్టకూడదు. మీ ఇంటి ముందు మీ అమ్మ పెట్టే చుక్కలు కావు ఇవి. ఒక చోట గుంపు, ఒక చోట ఖాళీ. పెద్దవి చాలా తక్కువ. చిన్నవి పొడి చల్లినట్టు."

"సరి మాషీ" అంది నా కూతురు, గబగబా తన చుక్కలన్నీ చెరిపేసింది.

సమానంగా చుక్కలు పెట్టడం దానికి నేర్పింది నేను. రెండు వేళ్ల మధ్య ముగ్గుపిండి ఎంత పట్టుకోవాలో, వంగినప్పుడు పాదం ఎక్కడ పెట్టాలో, దాని చెయ్యి పట్టుకుని వాకిట్లో నేర్పించాను. ఆ తడి బట్టలు ఎలా ఆరేశానో నాకే తెలియదు. సగం తీగ మీద మడతలతోనే వేలాడాయి.

చివరికి నేనే పైకి వెళ్లి, "నాకూ నేర్పించండి" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. వెంటనే జరిగి చోటిచ్చింది. పెన్ను చేతికిచ్చి రంగులు చూపించింది. నా చెయ్యి గుడ్డకి అలవాటు పడిన చెయ్యి. గుడ్డ చేతికి అందుతుంది, పట్టు దొరుకుతుంది. ఆ గాజు మీద పెన్ను జారిపోతోంది. ఎంత నొక్కితే ఎంత రంగు వస్తుందో తెలియలేదు. ఒళ్లంతా చెమటలు పట్టేలా కూర్చుని ఒక మబ్బు వేశాను.

మా పిల్ల చూసి పడీ పడీ నవ్వింది. "అమ్మా, ఇది మబ్బు కాదు, మన తలగడ చిరిగి దూది బయటికి వచ్చినట్ల ఉండాది!"

ఆమె నవ్వలేదు. "నా మొదటి మబ్బు ఇంతకంటే అధ్వానంగా ఉండేది" అని, నా చెయ్యి మీద చెయ్యి వేసి, అంచు ఎక్కడ వదిలేయాలో మెల్లగా చూపించింది. ఆమెకి తొందర లేదు. గొంతు పెరగలేదు. తప్పు గీత పడితే ఒక చోట తాకి మాయం చేసి, మళ్లీ మొదటి నుంచి చూపించింది. నా కూతురు ఇక్కడికి ఎందుకు పరుగెత్తుకుంటూ వస్తుందో ఆ కాసేపట్లో అర్థమైంది. అర్థమైనందువల్ల కుళ్లు ఇంకా పెరిగింది. ఆమె చెడ్డదైనా బాగుండేది. పిల్లని రానివ్వననేదాన్ని, హాయిగా తిట్టుకునేదాన్ని. అలాంటి వీలు కూడా ఆమె ఇవ్వలేదు.

మళ్లీ నేర్చుకోవడానికి వెళ్లలేదు.

పరీక్షల సెలవులు రాగానే పిల్లని తీసుకుని గుడియాత్తం వెళ్లిపోయాను, మా అమ్మ దగ్గరికి. అక్కడ మా పెదనాన్న కొడుకుల మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. లుంగీ గళ్ల రంగుల మీద, నూలు ధర మీద మాటలు నడుస్తుంటాయి. పిల్లకి ఆ సందడి ఇష్టం. అక్కడైనా కొన్నాళ్లు నాదిగా ఉంటుందనుకున్నాను.

అది సాయంత్రాలు మిద్దె ఎక్కి ఫోన్‌లో మబ్బుల ఫొటోలు తీసేది. తీసినవి తీసినట్టు మాషీకి పంపేది. అటునుంచి జవాబు వస్తే ఒక్కర్తే నవ్వుకునేది. ఫోన్ తెర మీద వేలితోనే రాత్రి ఆకాశం ఒకటి వేసి మా అమ్మకి చూపించింది.

మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఇంత బాగా వేసినావు గానీ, చందమామ యాడ?"

"ఇది చందమామ లేని రోజు అవ్వా. అప్పుడే చుక్కలు ఎక్కువ కనపడతాయి."

"చందమామ లేకుంటే ఏం ఆకాశంమే అది. కొంజెం పెట్టు నాయనా, అవ్వ కోసరం."

మా పిల్ల మారు మాట్లాడకుండా ఒక మూలన సన్నటి చందమామని పెట్టింది. మా అమ్మ మురిసిపోయి పక్కింటివాళ్లని పిలిచి చూపించింది. నేను వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. నేనేదైనా మార్చమంటే "నీకు తెలీదుమా" అనే పిల్ల, అవ్వ ఒక్క మాట అంటే చుక్కలన్నీ వెలవెలబోయినా సరే చందమామని పెట్టింది. ఆ రోజు నాకు మా అమ్మ మీద కూడా కుళ్లు పుట్టింది. ఇంక దీనికి అంతు లేదనిపించి, అనుకున్నదానికంటే ముందే బస్సెక్కి వేలూరు వచ్చేశాము.

వచ్చేసరికి మిద్దె మీద రెండు సంగతులు ఒకేసారి పడ్డాయి. తల్లికి ఆపరేషన్ రోజు ఖాయమైంది. ఆ వారంలోనే ఆమె ఒక సినిమాకి రాత్రి ఆకాశాలన్నీ పంపించాలి. గడువు పొడిగించమని అడిగితే సినిమావాళ్లు కుదరదన్నారు. పని పోతే ముందు ముందు మందులకి కూడా ఇబ్బందే.

ఆమె కిందికి దిగి నా మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. అంతకు ముందెప్పుడూ లోపలికి రాలేదు.

"చుక్కలు వేయడంలో మీ అమ్మాయి సాయం చేస్తే పని పూర్తవుతుంది. మీరు సరేనంటేనే. ఆపరేషన్ రోజు నేను అమ్మ దగ్గరే ఉంటాను. తర్వాత ఆస్పత్రికీ ఇక్కడికీ తిరుగుతూ ఎలాగో చేసుకుంటాను."

నా కూతురు ఆమె వెనకే నిలబడి నా ముఖంలోకి చూస్తోంది. ఇంక పగలంతా ఇద్దరూ పైన, నేను కింద. మిషను చప్పుడు ఆపితే వాళ్ల నవ్వులు వినిపిస్తాయి. అది తలుచుకుంటేనే ప్రాణం విసిగిపోయింది.

"ఆపరేషన్ అయినాక పగలు మీ అమ్మ దగ్గర నేను ఉంటాను" అన్నాను. "మీరిద్దరూ పని చూసుకోండి."

ఆమె నా చేతులు రెండూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాది మంచితనం అనుకుంది. ఆ ఇంట్లో కూర్చుని వాళ్ల నవ్వులు వినలేకే నేను ఆస్పత్రికి పోతానన్నానని ఆమెకి అప్పుడు తెలియదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ మర్నాటి నుంచి నేను పొద్దున్నే క్యారియర్ తీసుకుని వెళ్లేదాన్ని. పెద్దామెకి నా భాషలేవీ రావు. ఆమె ఏదో చెప్పేది, నేను తెలుగులో ఏదో చెప్పేదాన్ని. దిండు సర్దేదాన్ని, తల దువ్వి సన్నటి జడ వేసేదాన్ని. డాక్టరు మెత్తటి అన్నం పెట్టొచ్చు అన్న రోజు చారు అన్నం పిసికి పట్టుకెళ్లాను. మిరియం కొద్దిగా, నెయ్యి లేకుండా. ముద్ద నోట్లో పెడితే కళ్లు మూసుకుని మింగింది. తర్వాత నోరు తెరిచి ఎదురుచూసింది. నన్ను "మా" అని పిలిచేది. మత్తులో తన అమ్మనుకుంటోందేమో అనుకున్నాను. పక్క మంచం బెంగాలీ ఆవిడ చెప్పింది, వాళ్లలో పెద్దవాళ్లు ఇష్టమైన ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారని.

ఎవరో నా కోసం ఎదురుచూడడం చాలా రోజుల తర్వాత అదే. నేను ఆ వార్డు తలుపు దాటేసరికి ఆమె తల ఇటు తిరిగి ఉండేది.

ఒక సాయంత్రం ఆమె కూతురు కాస్త ముందే వచ్చింది. కళ్ల కింద నలుపు, చేతిలో తను వండిన కూరగాయల పులుసు. గిన్నె తీసి చెంచాతో నోటి దగ్గర పెట్టింది. పెద్దామె తల పక్కకి తిప్పేసుకుంది. చెయ్యి చాచి నా క్యారియర్ వైపు చూపించింది. అందులో మధ్యాహ్నం చారు అన్నం కొద్దిగా మిగిలి ఉంది.

ఆమె చెంచా గిన్నెలో పెట్టేసింది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. పెదవులు బిగుసుకున్నాయి. ఆ ముఖం నేను ఎరుగుదును. నెలల తరబడి నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

నిజం చెప్పాలంటే నాకు కడుపులో చల్లగా అనిపించింది. అదెంతోసేపు నిలవలేదు. ఆ మిగిలిన అన్నం ఆమె చేతికే ఇచ్చి, "మీరే పెట్టండి" అన్నాను. ఆమె పెట్టింది. పెద్దామె తింటూ నా వైపే చూసింది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం.

"మా అమ్మ నా చేతి వంట వద్దనడం ఇదే మొదటిసారి" అంది.

"మా అమ్మాయి మీ చేతి చేపలు తిన్నాది కదా" అన్నాను. "నేను వండితే అరుగు మీదికి పోతాది."

ఆమె నా వైపు తిరిగింది. కాసేపు అర్థం కానట్టు చూసింది, తర్వాత అర్థమైనట్టు చూసింది.

"మీకు నా మీద కోపమా?"

"కోపం కాదు." హిందీలో కుళ్లుకి మాట ఏమిటో నాకు తెలియలేదు. గుండె మీద చెయ్యి పెట్టి, మంట అని చేత్తో చూపించాను. "ఇక్కడ. రోజూ. మీరు వచ్చినప్పటి నుంచి."

"ఇప్పుడు నాకూ" అని ఆమె తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "లోపల, మీరు ముద్ద పెడుతుంటే."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. ఆగని నవ్వు. ఆమె నవ్వుతూనే ఏడ్చింది కూడా, పని ఒత్తిడీ తల్లి భయం అన్నీ కలిపి. నర్సు బయటికి వచ్చి కసిరితే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత కుళ్లు తగ్గిందా అంటే, తగ్గలేదు. కాకపోతే దాచుకోవలసిన పని తప్పింది. నేను పైకి వెళ్లి, "ఏం, ఈరోజు నా బిడ్డని కిందికి పంపే ఉద్దేశం ఉందా?" అని అడిగేదాన్ని. "మా అమ్మని తిరిగి ఇచ్చేస్తే పంపుతాను" అనేది ఆమె.

ఆకాశాలు గడువుకే వెళ్లాయి. కొన్నాళ్లకి ఆ సినిమాలో ఒక ముక్క ఫోన్‌లో చూపించారు. ఒక నక్క కొండ మీద కూర్చుని తల ఎత్తుతుంది, దాని పైన ఆకాశం. "అమ్మా, ఈ పక్కన చుక్కలన్నీ నేనే పెట్టినాను!" అంది నా కూతురు. ఒక చోట గుంపు, ఒక చోట ఖాళీ. చాలా బాగుంది. నక్క మాత్రం త్వరగా లేచి వెళ్లిపోయింది. ఇంకాసేపు కూర్చుని ఉంటే బాగుండేదని దాని మీద కూడా కోపం వచ్చింది.

పెద్దామె కోలుకున్నాక కాట్పాడి స్టేషన్‌కి అందరం వెళ్లాం. బండి వచ్చేదాకా నా కూతురు మాషీ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. పెద్దామె నా చెయ్యి వదలలేదు. ఎవరి బిడ్డ ఎవరి దగ్గర ఉందో చూసేవాళ్లకి తెలిసి ఉండదు. ఆమె తన పాత తెరనీ పెన్నునీ పిల్లకి ఇచ్చేసింది. దానికంతటి కానుక నేనెప్పుడూ ఇవ్వలేదన్న ఆలోచన ఆ ఏడుపుల మధ్య కూడా నాకు వచ్చింది.

ఇప్పుడు మా పిల్ల చెన్నైలో బొమ్మల చదువే చదువుతోంది. దాని నోట కొత్త పేర్లు వినిపిస్తున్నాయి. అక్కడ ఒక టీచరమ్మ ఉందట, వాన పడే ముందు ఆకాశాన్ని ఆమె వేసినట్టు ఎవరూ వేయలేరట. ఫోన్ చేస్తే సగం మాటలు ఆమె గురించే.

మొన్న మాషీ నాకు ఫోన్ చేసింది. పెద్దామె బాగున్నారట, చారు అన్నం అడుగుతున్నారట, తను చేస్తే ఆ రుచి రావడం లేదట. అవన్నీ అయ్యాక అసలు సంగతికి వచ్చింది.

"మీ అమ్మాయి నాకు బొమ్మలు పంపి చాలా రోజులైంది. మీకు పంపుతోందా?"

"పంపుతాండాది" అన్నాను. అబద్ధం కాదు. ఆ పొద్దున్నే ఒకటి పంపింది, హాస్టలు మిద్దె మీద నుంచి చూసి వేసిన వాన మబ్బు.

"ఎలా ఉంది?" అంది ఆమె.

"చాలా బాగుండాది."

"ఆ కొత్త టీచరు నేర్పించిందా?"

"ఆమే నేర్పించినాదంట."

"ఓహో" అంది. ఆ ఓహో ఎలాంటిదో నాకు బాగా తెలుసు. ఎప్పుడూ చూడని ఆ టీచరమ్మని ఇద్దరం కలిసి కాసేపు ఆడిపోసుకున్నాం. మబ్బుకి నలుపు ఎక్కువ వాడిస్తోందని నేనన్నాను. అంచులు మరీ కరిగించేస్తోందేమోనని చూడకుండానే ఆమె అంది.

"నాకు ఆ బొమ్మ ఒకసారి పంపుతారా?" అని అడిగింది చివర్లో.

పంపుతానన్నాను. ఫోన్ పెట్టేశాక వెంటనే పంపలేదు. ఒక పూటంతా నా దగ్గరే ఉంచుకుని, దీపాలు పెట్టే వేళకి పంపాను.